గంజి పెట్టిన నైటీ

కాలరు అయిపోయింది. ఇక భుజం పట్టీ, కఫ్‌లు, చేతులు, వీపు, చివరగా గుండీల వైపు. చొక్కాకి ఈ వరస తప్పకూడదని అతని పట్టుదల. వరస తప్పితే ఒకచోట సరిచేసింది ఇంకోచోట నలుగుతుంది, చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది. లాండ్రీలో మిగతావాళ్ళు తోచినట్టు చేస్తారు. చొక్కాలు వాళ్ళకీ అవుతాయి. కానీ కట్టలో అతని చొక్కా ఏదో మేస్త్రీ కళ్ళు మూసుకుని చేత్తో తడిమి చెప్పేస్తాడు.

అక్కడ అందరూ అతన్ని మడత అంటారు. బస్సు టికెట్టయినా సరే, పొట్లం కట్టిన కాగితమైనా సరే, చేతిలోకి వచ్చిందంటే అంచుకు అంచు కలిపి మడతపెట్టి గానీ జేబులో వేయడు. ఆ పేరు పెట్టింది దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర పనిచేసిన పిల్ల. తర్వాత ఆ పిల్లే అతన్ని పెళ్ళి చేసుకుంది. "పేరు పెట్టినదాన్ని నేనే కదా, పోషించాల్సిందీ నేనే" అని ఇప్పటికీ అంటుంది.

పొడుగ్గా, నడుం దగ్గర కాస్త ముందుకు వంగిన మనిషి. కుడి భుజం ఎడమదానికంటే లావు. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు, కొన్ని గోధుమరంగు, కొన్ని తెలుపు. వేళ్ళ చివర్లు అరిగి అరిగి నున్నగా అయిపోయాయి. ఇస్త్రీ పెట్టె వేడి చూడాలంటే అందరిలా నీటిచుక్క వేయడు, అరచేతిని దానికి బెత్తెడు దూరంలో ఆనీ ఆననట్టు పెట్టి, "ఊఁ, పట్టుకి సరే", "ఊఁ, నూలుకి చాలదు" అని తనలో తాను అనుకుంటాడు.

హోటలు చొక్కాల కట్ట దించేశాక, బల్ల కింద దాచుకున్న ఇంటి బట్ట ఒకటి పైకి తీశాడు. లేత నీలం నూలు నైటీ. తెల్లవారుజామున వస్తూ వస్తూ సంచిలో తెచ్చి, ఆసుపత్రి దుప్పట్ల బాయిలర్లో మొదటి వాయితో పాటే వేయించాడు. పాల మరకలు పోయాయి, చొంగ మరకలు పోయాయి, మెడ దగ్గర పట్టిన జిడ్డు పోయింది. చివర్లో గంజినీళ్ళలో ముంచి పిండాడు.

బాయిలరు దగ్గరుండే పెద్దాయన అటు పోతూ ఆగాడు. "ఏరా మడతా, నైటీకి గంజి పెట్టే మొగుడివి భూమ్మీద నువ్వొక్కడివేరా."

"పెడితే తప్పేంటి మావా?"

"తప్పని ఎవడన్నాడు? రాత్రిళ్ళు మీ ఆవిడ పడుకుంటే, నైటీ లేచి నిలబడి కాపలా కాస్తుంది."

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వి నైటీ అంచులు సాపుచేశాడు. నవ్వితే నవ్వుకోనీ. అతని లెక్కలో ఇస్త్రీ చేసిన బట్ట ఇవ్వడం కంటే మనిషికి మనిషి చేయగల మంచి ఇంకోటి లేదు. చిన్నప్పుడు ఒక పెద్దమ్మ ఇంట్లో కొన్నాళ్ళు, ఒక బాబాయి ఇంట్లో కొన్నాళ్ళు, ఎక్కడ మంచం ఖాళీ ఉంటే అక్కడ పెరిగాడు. బడికి వెళ్ళే ముందురోజు చొక్కాని పరుపు కింద పెట్టుకుని దానిమీద పడుకునేవాడు, మడతలు పోతాయని. పోయేవి కావు, కొత్తవి వచ్చేవి. మీసాలు రాని వయసులో ఈ లాండ్రీలో చేరిన రోజు, ఇప్పటి మేస్త్రీయే అతని ఒంటిమీది చొక్కా విప్పించి, గబగబా ఇస్త్రీ చేసి, వేడి వేడిగా మళ్ళీ తొడిగించి, "ఇప్పుడు పనికి రా" అన్నాడు. వీపుకి తగిలిన ఆ వెచ్చదనం అతను ఎవరికీ చెప్పలేదు. భార్యకి మాత్రం ఒకసారి చెప్పబోయి, "మంచి చొక్కాలే" అని ఆపేశాడు.

ఇవాళ మధ్యాహ్నం పని దిగగానే నేరుగా ఇంటికి వెళ్ళాలి. ఇంట్లో పరీక్ష ఉంది.

పరీక్ష అతనికే. బట్టల కంపెనీలో భార్యకి కొత్త పని వచ్చింది, తనిఖీ బల్లకి ఇన్‌చార్జి. మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనాల వేళ దాకా. అతనిది తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా. రెండు పనులూ గడియారం ముళ్ళలాగా ఒకదాన్నొకటి తప్పించుకుని తిరిగితే చాలు, ఎనిమిదినెలల పాపని ఎవరో ఒకరు చూసుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే. పాప తన తల్లి దగ్గర పడుకుంటుంది, సాయానికి వచ్చిన తల్లి పిన్ని దగ్గరా పడుకుంటుంది, తండ్రి దగ్గర పడుకోదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా పడుకోలేదు. నిద్ర పట్టకపోతే పాలు తాగదు, పాలు తాగకపోతే ఊరంతా వినిపించేలా ఏడుస్తుంది. "ఈ మధ్యాహ్నం నేను పని చూడ్డానికి వెళ్ళినప్పుడు నీ దగ్గర పడుకుందంటే సాయంత్రం వాళ్ళకి సరేనని చెప్పేస్తాను. లేదంటే వద్దని చెప్పేస్తాను. రోజూ దాన్ని ఏడిపించి నేను అక్కడ కుర్చీలో కూర్చోలేను" అని భార్య నిన్ననే తేల్చేసింది. ఆమె ఒకసారి తేల్చాక మళ్ళీ ముంచడం ఎవరివల్లా కాదు.

అతనికి భయం లేదు. నైటీ ఉందిగా. ఇల్లు మారినప్పటి నుంచి పాప నిద్రకి అదే ఆధారం. తల్లి పాత నైటీని గుప్పిట పట్టి, ముక్కు దాకా లాక్కుని, అలా కళ్ళు మూస్తుంది. అంత మురికి గుడ్డ పాప ముక్కు మీద ఉండడం చూసి ఇస్త్రీవాడి ప్రాణం ఊరుకుంటుందా? అందుకే ఇవాళ దాన్ని రాజకుమారి దుప్పటిలా చేసి పట్టుకెళ్తున్నాడు. కాగితంలో చుట్టి, కాగితం అంచులు కూడా వేలితో గీసి మడిచాడు.

కొత్త ఇల్లు రెండో అంతస్తులో రెండు గదులు. వచ్చి ఇంకా నెల నిండలేదు. సగం సామాను అట్టపెట్టెల్లోనే ఉంది. నిన్న ఉప్పు కోసం వెతికితే చెప్పులు దొరికాయి, చెప్పుల కోసం వెతికితే పెళ్ళి ఫోటో దొరికింది. అతను లోపలికి వచ్చేసరికి భార్య ఒంటికాలి మీద నిలబడి చెప్పు వేసుకుంటూ, నోట్లో పిన్నీసు పట్టుకుని, చంకలోని పాపని అతని చేతుల్లోకి జార్చింది.

"ఆలస్యమైపోయింది. పాలు గిన్నెలో ఉన్నాయి. పై పన్ను వస్తోంది, వేలు పెట్టకు, కొరుకుతుంది. ఆ కాగితంలో ఏంటి?"

"నీకు సాయంత్రం చూపిస్తా."

"మిఠాయేనా?"

"దానికంటే మంచిది."

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "నిద్రపుచ్చుతావా?"

"పుచ్చుతా."

"ఊరికే అనకు."

"ఊరికే కాదు. వెళ్ళు, బస్సు పోతుంది."

ఆమె మెట్లు దిగిపోయిన చప్పుడు పాపకీ వినిపించింది. పెదవి కిందికి వంగడం మొదలైంది.

వంటింట్లోంచి పిన్ని వచ్చింది. భార్య తల్లికి చెల్లెలు, అతనికి అత్తయ్య వరస. పొట్టిగా, గట్టిగా, గుమ్మానికి బిగించిన గొళ్ళెంలా ఉంటుంది. తనకి పిల్లల్లేరు. అక్క కూతుళ్ళ పిల్లల్నీ, అన్న కూతుళ్ళ పిల్లల్నీ పురిటి నుంచి పళ్ళు వచ్చేదాకా పెంచి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతూనే ఉంది. "నా కాపురమంతా ఈ సంచిలోనే అల్లుడూ, తాళం వేసే బాధ లేదు" అంటుంది నవ్వుతూ. ఇంకో ఊళ్ళో ఇంకో అమ్మాయికి నెలలు నిండాయి. సాయంత్రం బస్సుకి పిన్ని అక్కడికి వెళ్ళాలి. సంచి అప్పటికే సర్దుకుని చేత్తో పట్టుకుంది.

"నేను లోపలుంటే ఇది నావైపే చూస్తుంది. మెట్లమీద కూర్చుంటాను. నువ్వు పిలిస్తే వస్తాను, పిలవకపోతే రాను. పిలిచావనుకో, ఇక నా ప్రయాణం మానేసినట్టే. ఆ పిల్లకి ఫోను చేసి, నీ పురుడు నువ్వే పోసుకోవే అని చెప్పేస్తాను. ఆలోచించుకుని పిలువు."

"పిలవను అత్తయ్యా."

"మగాడి మాట. చూద్దాం," అని ఆమె బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

మొదట అన్నీ సవ్యంగానే జరిగాయి. పాప కాసిన్ని పాలు తాగింది, మిగిలినవి అతని చొక్కా మీదికి ఊదింది. భుజాన వేసుకుని కిటికీ దాకా, అట్టపెట్టెల దాకా, మళ్ళీ కిటికీ దాకా తిప్పాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇదే సమయం అనుకుని పరుపు మీద పడుకోబెట్టి, కాగితం విప్పి, నైటీని దులిపి పాప చేతికి అందించాడు. అది దులిపినప్పుడు అట్టముక్కలా ఫటేలుమంది.

పాప గుప్పిట పట్టింది. ముక్కు దాకా లాక్కుంది. ఆగింది. తన నైటీ కాదు ఇది అన్నట్టు తండ్రి మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత దాన్ని అవతలికి విసిరి, ఊపిరంతా కూడగట్టుకుని ఏడుపు అందుకుంది.

అతను మళ్ళీ ఇచ్చాడు. పాప మళ్ళీ విసిరింది. మెత్తబడుతుందేమోనని రెండు చేతులా నలిపాడు, తన జీవితంలో మొదటిసారి తను చేసిన ఇస్త్రీని తనే నలిపాడు. లాభం లేకపోయింది. ఎత్తుకున్నాడు, ఊపాడు, జోకొట్టాడు. జోలపాట పాడదామంటే ఒక్కటీ రాదు. అతనికెవరూ పాడలేదు. బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు పిలిచినట్టు ఏదో రాగం తీశాడు. ఆ ఊళ్ళేవీ పాపకి నచ్చలేదు.

తలుపు అవతలి నుంచి పిన్ని గొంతు వచ్చింది. "నైటీ ఇచ్చావా?"

"ఇచ్చాను అత్తయ్యా! విసిరేస్తోంది!"

"విసిరేయడమేంటి? అది లేకపోతే బతకదే! నీలంది ఇచ్చావా?"

"నీలందే! శుభ్రంగా ఉడకబెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి..."

పాప ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ సందులో పిన్ని నెమ్మదిగా అడిగింది.

"ఉతికావా?"

"మురిగ్గా ఉందని..."

"ఓరి నీ శుభ్రం తగలెయ్య! ఆ మురికే కదయ్యా అది వాసన చూసేది! దాంట్లో వాళ్ళమ్మ ఉంది! వాళ్ళమ్మని తీసుకెళ్ళి బాయిలర్లో వేశావా అల్లుడూ!"

తిట్టు సగంలో నవ్వయింది. మెట్లమీద ఆమె పడీ పడీ నవ్వుతోంది. నవ్వలేక దగ్గుతోంది. అతను నైటీని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గంజి వాసన, సబ్బు వాసన, వేడి బట్ట వాసన. ఇంకేం లేదు. పని అంత బాగా చేశాడు. ఎనిమిది నెలలు భార్య ఒంటిమీదా, పాప పక్కలోనూ నానిన వాసనని ఒక్క వాయిలో తుడిచిపెట్టగల మొనగాడు ఆ ఊళ్ళో ఇంకొకడు లేడు.

పాప మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఏడుపులో కోపం పోయి బెంగ వచ్చింది. అది వినడం ఇంకా కష్టం. అతను పాపని భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళాడు. పిలిస్తే చాలు. పిన్ని వస్తుంది, ఎత్తుకుంటుంది, రెండు నిమిషాల్లో పాప పడుకుంటుంది. ఇంకో ఊళ్ళో నెలలు నిండిన పిల్ల ఒంటరిగా ఉంటుంది. సాయంత్రం భార్య "వద్దు" అని చెప్పేసి వస్తుంది. ఏమీ అనదు. చెప్పు విప్పుతూ గోడవైపు చూస్తుందంతే. ఆ పని గురించి చెప్పిన రోజు ఆమె నిలబడిన తీరు అతనికి గుర్తుంది. మడతబల్ల దగ్గర ఎప్పుడూ వంగి ఉండే మనిషి, ఆ రోజు తలుపు చట్రమంత నిటారుగా నిలబడింది.

నోరు తెరిచాడు. మూశాడు. వెనక్కి తిరిగాడు.

"సరే తల్లీ. ఏడువు. నాకు వచ్చింది ఒక్కటే, అది చేసుకుంటాను. నువ్వు నీ పని చేసుకో."

పాపని గది అవతలి మూల పరుపు మీద కూర్చోబెట్టి, చుట్టూ దిళ్ళు పెట్టాడు. ఇటువైపు ఎత్తు బల్ల మీద దుప్పటి పరిచాడు. పెట్టె వైరుని కిందికి వేలాడకుండా కిటికీ ఊచకి చుట్టాడు. ఎంత కంగారులోనైనా ఆ జాగ్రత్త చేతులకి దానంతటదే వస్తుంది. రేపు భార్య వేసుకోవాల్సిన కంపెనీ చొక్కా తీశాడు. రేపు వేసుకుంటుందో లేదో, ఇస్త్రీ మాత్రం కావాలి. కాలరుతో మొదలుపెట్టాడు. గిన్నెలో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించి పెట్టె దించాడు.

చుయ్...

పాప ఆగింది.

అతను మొదట గమనించలేదు. భుజం పట్టీ తిప్పుతూ, ఏదో తక్కువైందే అనుకుని తలెత్తాడు. పాప దిండు మీద చెయ్యి పెట్టి, చెంపల మీద కన్నీళ్ళతో, నోరు కొంచెం తెరిచి, వింటోంది. చెవి ఇటు పెట్టి వింటోంది.

అతను కదలకుండా నిలబడ్డాడు. పాప మొహం మళ్ళీ ముడుచుకోసాగింది. గబుక్కున నీళ్ళు చల్లాడు. చుయ్... మొహం విచ్చుకుంది. మళ్ళీ చల్లాడు. పాప నోట్లోంచి "ఆఁ" అని ఒక చిన్న మాట వచ్చింది, పాత స్నేహితుణ్ణి సంతలో చూసినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. భార్య నెలలు నిండే దాకా తన బల్లకి ఎదురుగానే నిలబడి మడతలు పెట్టింది. పెద్ద పొట్ట బల్ల అంచుకి ఆనేది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అదే చప్పుడు.

ఇక అతను ఆగలేదు. కఫ్‌లు, చేతులు, వీపు, గుండీల వైపు. చొక్కా అయిపోతే పావడా, పావడా అయిపోతే తువ్వాలు. బయట ఉన్నవి అయిపోతే కాలితో ఒక అట్టపెట్టెని దగ్గరికి లాక్కుని, చేతికి ఏది తగిలితే అది తీశాడు. దిండు గలీబులు, చేతిగుడ్డలు, తన మేజోళ్ళు. మేజోళ్ళకి ఇస్త్రీ చేసినవాణ్ణి ఎవరైనా చూశారా? బాయిలరు మావ చూస్తే చచ్చేదాకా వదలడు. నీళ్ళు చల్లడం, దించడం, చుయ్ మనడం, లాగడం. పాప మొదట కూర్చుని వింది, తర్వాత దిండుకి చేరగిలబడి వింది, తర్వాత బొటనవేలు నోట్లో పెట్టుకుని వింది. కనురెప్పలు రెండుసార్లు పైకి లేవబోయి, ఓడిపోయి, కిందికి దిగాయి.

ఇంకో మూడు గుడ్డలు చేశాడు, నమ్మకం కోసం.

పెట్టె ఆర్పి, చల్లారడానికి బల్ల వెనక ఎత్తులో నిలబెట్టి, పరుపు పక్కన నేలమీద కూర్చున్నాడు. పాప పొట్ట లేస్తోంది, దిగుతోంది. తెల్లవారుజామునే లేచిన మనిషి, గోడకి తల ఆనించాడు. ఒక్క నిమిషం అనుకున్నాడు.

జేబులో ఫోను వణికితే మెలకువ వచ్చింది. గదిలో ఎండ రంగు మారింది. పాప ఇంకా నిద్రలోనే ఉంది, పెదవులతో లొట్టలు వేస్తోంది. అతను వంటింట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పడుకుంది."

"ఎవరు, నువ్వా?" అంది భార్య.

"ఇద్దరం."

అవతల యంత్రాల రొద మధ్య ఆమె ఊపిరి వినిపించింది. "నిజం చెప్పు. పిన్నిని పిలిచావా?"

"పిలవలేదు. ఇస్త్రీ చేశాను."

"దేన్ని, దాన్నా?"

జరిగింది చెప్పాడు. నైటీ సంగతి కూడా చెప్పాడు, అది చెప్పేటప్పుడు కొంచెం వేగంగా చెప్పాడు. ఆమె నవ్వలేదు. "పొట్టలో ఉండగా నువ్వు నీళ్ళు చల్లినప్పుడల్లా తన్నేది. నీకు చెప్పలేదు, చెబితే పని ఆపేస్తావని," అంది. వెంటనే గొంతు మార్చి, "సరే. ఇన్‌చార్జి మాట్లాడుతున్నాను. నా నైటీ బతికుందా?" అంది.

"నిలబడి ఉంది."

"ఈ రాత్రి నుంచి మళ్ళీ మురికి చేస్తాలే. ఉంటాను, పిలుస్తున్నారు."

అతను ఫోను జేబులో వేసుకుని, ముందుగదిలోంచి మునివేళ్ళ మీద నడిచి తలుపు తీశాడు. బస్సుకి ఇంకా వేళ ఉంది. టీ పెట్టి ఇచ్చి, సంచి మోసుకెళ్ళి ఎక్కించి రావాలనుకున్నాడు. పాపని చంకనేసుకునే వెళ్ళొచ్చు, ఇప్పుడు అదేమంత పని.

మెట్లమీద ఎవరూ లేరు. ఆమె కూర్చున్నచోట దుమ్ము తుడిచిన గుర్తు, సంచి పెట్టినచోట నలుపలకల మచ్చ. కింద వీధిలోకి తొంగిచూశాడు. మలుపు దాకా ఖాళీ. కింది ఇంటావిడ తీగమీద బట్టలు తీస్తూ తలెత్తి, "మీ అత్తయ్యగారు ఇందాకే వెళ్ళిపోయారు. లోపలికి తొంగిచూశారట, మీరిద్దరూ ఒకేలాగా నోరు తెరుచుకుని పడుకున్నారట. లేపొద్దని చెప్పారు," అంది.

"ఏమైనా చెప్పమన్నారా?"

"లేదండీ. బస్సు పోతుందని నడిచిపోయారు. నవ్వుకుంటూనే వెళ్ళారు."

అతను లోపలికి వచ్చి, అలవాటు కొద్దీ తలుపుని నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి మూశాడు. ఈ ఇంటి తలుపు ఎంత మెల్లగా వేసినా తాళం ఖణేలుమంటుంది, పాప ఉలిక్కిపడి లేస్తుంది. ఈసారి ఏ చప్పుడూ కాలేదు. ఇందాక తీసినప్పుడు కూడా కాలేదని అప్పుడు తట్టింది. మళ్ళీ తెరిచి, తలుపు అంచుకి మొహం దగ్గరగా పెట్టి చూశాడు.

తాళం నాలుకకి అడ్డంగా ఒక చేతిరుమాలు చుట్టి ఉంది, నలిగినది, అంచులు కలవకుండా మడిచినది. ఊడిపోకుండా దానిమీద జుట్టుకి పెట్టుకునే నల్ల రబ్బరుబ్యాండు రెండు మెలికలు తిరిగి ఉంది, దాంట్లో ఒక నెరిసిన వెంట్రుక. సరిచేయడానికి చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది, అక్కడే ఆగింది. రుమాలు మధ్యలో, కళ్ళు ఒత్తుకున్నచోట, ఇంకా కాస్త తడి ఉంది.